అర్ధరాత్రి మిగులు నుంచి మధ్యాహ్నపు మిగులు దాకా

ప్రత్యేక సంచికకు ఏదైనా పాత ముచ్చట రాయమని మన సంఘం కార్యదర్శి గారు రెండుసార్లు ఫోన్ చేశారు. పదవీ విరమణ చేసి పదిహేడేళ్లు దాటింది. ఇప్పుడు నేను రాసేవి మందుల చీటీలు, లైఫ్ సర్టిఫికెట్ మీద సంతకాలు మాత్రమే. ఏం రాయాలా అని ఆలోచిస్తున్న రోజుల్లో, తాండూరు దగ్గరి పల్లె నుంచి మా మేనల్లుడు వికారాబాదుకు వచ్చాడు. చేతిలో ఒక కాగితం ఉంది. సౌర విద్యుత్ కేంద్రం కోసమంటూ ఒక మధ్యవర్తి వాళ్ల పదకొండు ఎకరాలను ఇరవై అయిదేళ్లకు కౌలుకు అడుగుతున్నాడట.

"మామా, నువ్వు ముప్పై నాలుగేండ్లు కరెంటు డిపార్ట్‌మెంట్ల చేసినవు. ఎండ నుంచి కరెంటు తీస్తరంటే నమ్ముత. రాత్రికి దాచిపెట్టి ఇస్తం అంటున్నరు. కందులు గాదెల పోసినట్టు కరెంటును గూడ పెట్టెల పోస్తరా? ఇది అయ్యే పనేనా?" అని అడిగాడు.

వాడికి ఆ పూట నేను చెప్పిన సమాధానమే కొంచెం పెంచి ఇక్కడ రాస్తున్నాను. ఇది పండితులు రాసే చరిత్ర కాదు. సబ్‌స్టేషన్ యార్డులో కంకర మీద నడిచిన మనిషికి గుర్తున్న చరిత్ర. పొరపాటు ఉంటే పెద్దలు సవరించగలరు.

మన ప్రాంతం, మన లోడు

హైదరాబాద్ సంస్థానంలో విద్యుత్ శాఖ 1910లో ఏర్పడింది. హుస్సేన్‌సాగర్ ఒడ్డున బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం 1920లో మొదలయింది. వికారాబాదు, తాండూరు మీదుగా వాడి నుంచి సికింద్రాబాదు వెళ్లే రైలు మార్గం అంతకు ముందే, 1874లో వచ్చింది. అంటే మన ప్రాంతం రైలు కూతను ముందు విన్నది, కరెంటు దీపాన్ని చాలా ఆలస్యంగా చూసింది. 1959 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుచ్ఛక్తి మండలి ఏర్పడిన తరువాతనే పల్లెలకు లైన్లు లాగే పని ఊపందుకుంది.

నేను 1974లో సబ్ ఇంజనీరుగా చేరాను. అప్పటికి మనకు దిక్కు కొత్తగూడెం బొగ్గు, రామగుండం బొగ్గు, సీలేరు నీళ్లు. రామగుండంలో 1971లో మొదలైన 62.5 మెగావాట్ల యూనిట్ గొప్ప యంత్రమని చెప్పుకునేవాళ్లం. ఆ యూనిట్ యాభై ఏళ్లకు పైగా నడిచి 2024లో శాశ్వతంగా ఆగిపోయిందని పేపర్లో చదివినప్పుడు, సర్వీసులో నాకంటే సీనియర్ రిటైరైనట్టు అనిపించింది.

తాండూరు వైపు లోడు రకం వేరు. భూమి అడుగున నాపరాయి, పైన నల్లరేగడి, దాని మీద కంది పంట. రాయి కోసే మిషన్లు, పాలిష్ పట్టే మిషన్లు, పప్పు మిల్లులు, పిండి గిర్నీలు, బావుల మీద మోటార్లు ఉండేవి. తరువాత 1980ల్లో కరన్‌కోట్ సిమెంటు ఫ్యాక్టరీ వచ్చింది, దాని వెనుక మరికొన్ని వచ్చాయి. పగలు ఫ్యాక్టరీలు, సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఇళ్లలో దీపాలు. ఆ నాలుగు గంటలూ మాకు గండం. అర్ధరాత్రి దాటితే ఊళ్లు నిద్రపోయేవి, లోడు పడిపోయేది. బొగ్గు కేంద్రం బాయిలరును మాత్రం సాయంత్రం వెలిగించి రాత్రి ఆర్పడం కుదరదు కదా! కనుక అర్ధరాత్రి కరెంటు మిగిలేది.

ఆ మిగులును ఎవరికి ఇవ్వాలి? రైతుకు ఇచ్చారు. వ్యవసాయానికి రాత్రి పూట సరఫరా అనే పద్ధతి అలా బలపడింది. లెక్క ప్రకారం అది సబబే. కానీ రాత్రి రెండు గంటలకు చేతిలో టార్చి పట్టుకుని, తడి కాళ్లతో స్టార్టర్ డబ్బా దగ్గరకు వెళ్లే మనిషి ఆ లెక్కలో లేడు. పాము కాటుకు పోయినవాళ్లను, షాక్ తగిలి పోయినవాళ్లను నేను చూశాను. ఊళ్ల పేర్లు ఇక్కడ రాయను. మన సభ్యులలో ఫీల్డులో పనిచేసిన ప్రతి ఒక్కరికీ అటువంటి ఒక ఊరు గుర్తుండే ఉంటుంది.

కరెంటును నిల్వ చేయగలిగితే ఆ మనుషులు పగలే నీళ్లు పెట్టుకునేవారు. అందుకే నిల్వ కథ నాకు కేవలం యంత్రాల కథ కాదు.

బ్యాటరీ గది

కరెంటును పెట్టెలో దాస్తారా అని మేనల్లుడు అడిగాడు. దాస్తారు. మనం దాచాం కూడా. ప్రతి 132 కెవి సబ్‌స్టేషన్‌లో ఒక బ్యాటరీ గది ఉండేది. రెండు వోల్టుల సీసం బ్యాటరీలు నూట పది, వరుసగా చెక్క బల్లల మీద. మొత్తం 220 వోల్టుల డి.సి. గదిలో ఆమ్లం వాసన. రబ్బరు ఏప్రాన్ వేసుకోకపోతే బట్టలకు చిల్లులు. నా లుంగీలు జల్లెడలయ్యాయని మా ఇంటావిడ ఇప్పటికీ అంటుంది. రోజూ హైడ్రోమీటరుతో సాంద్రత చూడాలి, డిస్టిల్డ్ వాటర్ పోయాలి, టెర్మినళ్లకు జెల్లీ పూయాలి, రీడింగు రిజిస్టరులో రాయాలి.

కుటుంబ సభ్యులకు ఒక మాట వివరించాలి. లైను తెగినా, చెట్టు పడినా రిలే కనిపెడుతుంది. కానీ బ్రేకరును తెరిపించడానికి ఆ బ్యాటరీ కరెంటు కావాలి. లక్షల యూనిట్లు పోయే చోట, అందరినీ కాపాడేది ఆ గదిలోని డి.సి. మాత్రమే.

1979 మే నెల. ఒక సబ్‌స్టేషన్‌లో షిఫ్టు ఆపరేటరుగా ఉన్నాను. ఉదయం బ్యాటరీ రీడింగులు నా వంతు. అప్పుడు మా ఇంటావిడ మొదటి కాన్పుకు ఆసుపత్రిలో ఉంది. నేను డ్యూటీకీ ఆసుపత్రికీ మధ్య పరుగులు పెడుతున్నాను. ఇది నెపంగా చెప్పడం లేదు, జరిగినది చెబుతున్నాను. రెండు రోజులు నేను బ్యాటరీ గదిలోకి వెళ్లలేదు. కుర్చీలో కూర్చుని, ముందు రోజు అంకెలే చూసి 1.200 అని రిజిస్టరులో రాశాను. చార్జరు ఫ్యూజు పోయి, బ్యాటరీలు లోలోపల ఖాళీ అవుతున్న సంగతి నాకు తెలియదు.

రెండో రోజు మిత్రుడి బదులు సాయంత్రం షిఫ్టు కూడా నేనే చేశాను. ఆరు గంటలకు గాలిదుమారం లేచింది. ఒక 33 కెవి లైను తెగి బండ్ల బాట మీద పడింది. రిలే జెండా పడింది, బ్రేకరు మాత్రం తెరుచుకోలేదు. ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. అర్థం కాగానే యార్డులోకి పరుగెత్తి, లివరు పట్టి చేత్తో లాగాను. ఎంతసేపు పట్టిందో చెప్పలేను, నిమిషమో, రెండు నిమిషాలో.

బండి ఎద్దులు రెండూ అక్కడికక్కడే పడిపోయాయి. బండి తోలే మనిషి గాలికి భయపడి దిగి, చింతచెట్టు కింద నిలబడ్డాడు. అందుకని బతికాడు.

మరునాడు మా సీనియర్ ఆపరేటరు వచ్చి, మాట్లాడకుండా బ్యాటరీ గదిలోకి వెళ్లి, హైడ్రోమీటరు ముంచి చూసి, బయటకు వచ్చి రిజిస్టరు తెరిచాడు. నా రాతను వేలితో చూపించాడు. "బ్యాటరీ అబద్ధమాడదు నాయనా. రిజిస్టరు ఆడుతది" అన్నాడు. అంతే. ఇంకొక్క మాట అనలేదు. విచారణలో ఉన్నది ఉన్నట్టు ఒప్పుకున్నాను. ఒక ఇంక్రిమెంటు ఆగింది. తరువాత ఆయన నన్ను వెంటబెట్టుకుని ఆ రైతు ఇంటికి తీసుకుపోయాడు. ఆ ఏడాది జీతంలో మిగిలినదంతా నేను ఆ ఇంటికే ఇచ్చాను. ఆ రోజు పుట్టిన మా పెద్దమ్మాయికి ఈ సంగతి ఈ వ్యాసం ద్వారానే తెలుస్తుంది.

నీళ్లతో చేసిన బ్యాటరీ

సబ్‌స్టేషన్ బ్యాటరీ బ్రేకరును తెరవగలదు గాని ఊరికి దీపం వెలిగించలేదు. పెద్ద నిల్వకు మన పెద్దలు నీటిని నమ్ముకున్నారు. కరెంటు మిగిలినప్పుడు కింది నీటిని పైకి తోడడం, అవసరమైనప్పుడు దానినే కిందికి వదిలి కరెంటు తీయడం. ఒకే యంత్రం అటు మోటారు, ఇటు జనరేటరు.

నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలో మొదటి 110 మెగావాట్ల యూనిట్ 1978లో వచ్చింది. తరువాత వచ్చిన ఏడు యూనిట్లు ఒక్కొక్కటి 100.8 మెగావాట్లు, రెండు వైపులా తిరిగేవి. కానీ వదిలిన నీరు దిగువన నిలవాలి కదా! అందుకు కావలసిన టెయిల్ పాండ్ ఆనకట్ట ఎన్నో ఏళ్ల తరువాత గాని పూర్తి కాలేదు. అంతదాకా తోడే పనికి ఆ యంత్రాలను పూర్తిగా వాడుకోలేకపోయారు. పెట్టె కొని మూత మరిచిపోయినట్టయింది.

శ్రీశైలం ఎడమ గట్టు కేంద్రంలో ఆ లోటు తీరింది. జపాను రుణ సహాయంతో, కొండ లోపల తవ్విన గుహలో ఒక్కొక్కటి 150 మెగావాట్ల చొప్పున ఆరు యూనిట్లు, మొత్తం 900 మెగావాట్లు, 2001 నుంచి 2003 లోపల ప్రారంభమయ్యాయి. అప్పటికి 1999 ఫిబ్రవరి 1న మన మండలి జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడిపోయింది. 2000 ఏప్రిల్‌లో పంపిణీ సంస్థలు వచ్చాయి. నేను అటూ ఇటూ పోయి 2008లో పంపిణీ సంస్థలో అసిస్టెంట్ ఇంజనీరుగా రిటైరయ్యాను.

శ్రీశైలం పేరు రాసి ఆ రాత్రిని తలచుకోకుండా ముందుకు పోలేను. 2020 ఆగస్టు 20 రాత్రి ఆ భూగర్భ కేంద్రంలో మంటలు లేచి తొమ్మిది మంది మరణించారు. వారిలో ఏడుగురు మన జెన్‌కో ఉద్యోగులు, ఇద్దరు బ్యాటరీలు మార్చే పని మీద వచ్చిన సంస్థ సిబ్బంది. అది కూడా కేంద్రం డి.సి. సరఫరాకు చెందిన బ్యాటరీ పనే. కేంద్రాన్ని కాపాడాలని లోపలే ఉండిపోయిన ఆ సోదరులకు ఈ సంచిక ముఖంగా నమస్కరిస్తున్నాను.

ఎండ మన దాకా వచ్చిన తీరు

వెలుతురు పడితే కరెంటు పుడుతుందని 1839లో ఫ్రాన్సు దేశానికి చెందిన బెకరెల్ అనే పందొమ్మిదేళ్ల కుర్రవాడు గమనించాడు. 1954లో అమెరికాలోని బెల్ లాబొరేటరీలో సిలికాన్‌తో పనికివచ్చే సౌర ఘటాన్ని చేశారు. దాని మీద పడిన ఎండలో నూటికి ఆరు పాళ్లు కరెంటుగా మారేది. ఈనాటి పలకలు నూటికి ఇరవై పాళ్లు దాటాయి. మన దేశంలో ప్రభుత్వ రంగ సంస్థ సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ 1977లో మొదటి సౌర ఘటాన్ని, 1978లో మొదటి పలకను తయారు చేసింది. మన ఉమ్మడి రాష్ట్రంలో 1986లో నెడ్‌క్యాప్ ఏర్పడింది. ఆ రోజుల్లో సౌరశక్తి అంటే మనకు సోలార్ కుక్కరు, నీళ్లు కాచే పెట్టె, ఊరి మధ్య ఒక వీధి దీపం. "ఇది బొమ్మలాట, బొగ్గు ముందర నిలవదు" అని యూనియన్ మీటింగులో నేనే అన్నాను. ఆ మాట ఈనాడు వెనక్కి తీసుకుంటున్నాను.

2010 జనవరి 11న జాతీయ సౌర మిషన్ మొదలయింది. ఆ ఏడాది చివరి వేలంలో యూనిట్ ధర 10 రూపాయల 95 పైసల నుంచి 12 రూపాయల 76 పైసల వరకు పలికింది. 2017 మేలో రాజస్థాన్‌లోని భడ్లాలో 2 రూపాయల 44 పైసలకు దిగింది. 2020 డిసెంబరులో గుజరాత్ వేలంలో 1 రూపాయి 99 పైసలు! మన సర్వీసులో ధరలు పెరగడమే చూశాం గాని తగ్గడం ఎక్కడ చూశాం?

2015లో కేంద్రం లక్ష్యాన్ని లక్ష మెగావాట్లకు పెంచింది. 2025 జనవరి చివరికి దేశంలో సౌర విద్యుత్ సామర్థ్యం ఆ లక్షను దాటింది.

కర్నూలు జిల్లా గని, శకునాల గ్రామాల దగ్గర సుమారు 5,900 ఎకరాలలో వెయ్యి మెగావాట్ల సౌర పార్కు 2017లో పూర్తయింది. ఆంధ్రా వైపు ఇలా ఒకే చోట పెద్ద పార్కులు కట్టారు. తెలంగాణ వచ్చాక మన వైపు మరో దారి పట్టారు. 2015లో రెండు వేల మెగావాట్లకు టెండర్లు పిలిచినప్పుడు, ఏ సబ్‌స్టేషన్ దగ్గర ఎంత తీసుకోగలరో చూసి, వాటి చుట్టుపక్కల కట్టించారు. అందువల్ల పాత మహబూబ్‌నగర్, మెదక్, రంగారెడ్డి జిల్లాల్లో అక్కడొక యాభై ఎకరాలు, ఇక్కడొక వంద ఎకరాలు నీలం పలకలు పరుచుకున్నాయి. కరెంటు పుట్టిన చోటుకు దగ్గరలోనే ఖర్చవుతుంది కనుక లైను నష్టాలు తగ్గాయి. ఇది మంచి ఆలోచన అని పాత లైను మనిషిగా చెప్పగలను.

భూమి అక్కరలేని పద్ధతి కూడా వచ్చింది. రామగుండం ఎన్‌టిపిసి జలాశయం మీద 500 ఎకరాల నీటిపై తేలే వంద మెగావాట్ల కేంద్రం 2022 జూలై 1 నాటికి పూర్తిగా ఉత్పత్తిలోకి వచ్చింది. రెండున్నర మెగావాట్ల చొప్పున నలభై భాగాలు. ప్రతి భాగానికీ ఇన్వర్టరు, ట్రాన్స్‌ఫార్మరు కూడా నీటిపైనే తేలే వేదిక మీద ఉంటాయి.

మిగులు వేళ మారింది

ఇక్కడే అసలు మలుపు. ఎండ కరెంటు ఉదయం తొమ్మిది నుంచి పెరిగి, పన్నెండు, ఒంటి గంటకు పరాకాష్ఠకు వచ్చి, నాలుగింటికి దిగజారి, దీపాలు పెట్టే వేళకు సున్నా అవుతుంది. సరిగ్గా ఆ వేళకే ఇళ్లలో లైట్లు, టీవీలు, ఏసీలు మొదలవుతాయి. 2025 మార్చిలో మన రాష్ట్రంలో గరిష్ఠ డిమాండు 17,000 మెగావాట్లు దాటింది. నా సర్వీసులో మిగులు అర్ధరాత్రి ఉండేది. ఇప్పుడు మధ్యాహ్నం ఉంటున్నది. ఆ రోజుల్లో పంప్డ్ స్టోరేజి కేంద్రాలు రాత్రి నీళ్లు తోడడానికి ఉద్దేశించినవి. ఇప్పుడు మిట్టమధ్యాహ్నం తోడవచ్చు. రైతుకు కూడా పగలే నీళ్లు పెట్టుకునే వీలు వచ్చింది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల సరఫరా మొదలయింది. టార్చి లైటు పట్టుకుని పొలానికి వెళ్లక తప్పని బలవంతం మా ఊళ్లలో తగ్గిందంటే, అందులో మధ్యాహ్నపు ఎండకూ వాటా ఉంది.

మిగిలిన సమస్య ఒక్కటే. మధ్యాహ్నం ఒంటి గంట కరెంటును సాయంత్రం ఏడు గంటలకు మోయాలి. ఆరు గంటల ప్రయాణం. దానికే ఈ బ్యాటరీలు.

లిథియం అయాన్ బ్యాటరీని 1991లో జపాను కంపెనీ సోనీ అమ్మకానికి తెచ్చింది. దానికి బాట వేసిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. వారిలో గుడ్‌ఇనఫ్ గారి వయసు అప్పుడు తొంభై ఏడు. మన సంఘ సభ్యులు ఈ విషయం గమనించగలరు! కెమెరాలు, ఫోన్ల కోసం పుట్టిన ఆ బ్యాటరీలనే వేలకు వేలు ఇనుప కంటైనర్లలో పేర్చి 2017లో ఆస్ట్రేలియాలోని హార్న్స్‌డేల్‌లో వంద మెగావాట్ల నిల్వ కేంద్రం కట్టారు. మన దేశంలో 2019లో ఢిల్లీలోని రోహిణిలో పది మెగావాట్లతో మొదలయింది. 2024 ఫిబ్రవరిలో మన పొరుగున ఛత్తీస్‌గఢ్ రాజ్‌నంద్‌గావ్‌లో వంద మెగావాట్ల సౌర కేంద్రానికి తోడుగా 40 మెగావాట్ల, 120 మెగావాట్ అవర్ల బ్యాటరీ వచ్చింది. మేనల్లుడు అడిగిన దానికి మన దేశంలోని సరైన నమూనా అదే.

మెగావాటుకూ, మెగావాట్ అవరుకూ తేడా ఇంట్లో పిల్లలు అడిగితే ఇలా చెప్పండి. మేడ మీద నీళ్ల ట్యాంకు ఎంత పెద్దదో అది మెగావాట్ అవరు. నల్లా ఎంత లావుదో అది మెగావాటు. రాజ్‌నంద్‌గావ్ నల్లా పూర్తిగా తిప్పితే ట్యాంకు మూడు గంటలు వస్తుంది. 120 మెగావాట్ అవర్లు అంటే లక్షా ఇరవై వేల యూనిట్లు. రోజుకు అయిదు యూనిట్లు వాడే ఇళ్లు అయితే ఇరవై నాలుగు వేల ఇళ్లకు ఒక రోజు. పోసినదంతా తిరిగి రాదు. నూటికి పది, పదిహేను పాళ్లు దారిలో వేడిగా పోతాయి. కందులు గాదెలో పోసినా పురుగు కొంత తింటుంది కదా!

ధర సంగతి కూడా చెప్పాలి. 2022 వేలంలో ఇటువంటి నిల్వకు మెగావాటుకు నెలకు 10 లక్షల 84 వేల రూపాయలు అడిగారు. 2024 చివరికి రాజస్థాన్ వేలంలో, కేంద్రం ఇచ్చే సహాయం కలుపుకొని, అది 2 లక్షల 21 వేలకు వచ్చింది. 2025 ఫిబ్రవరిలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ, కొత్త సౌర టెండర్లలో సామర్థ్యంలో కనీసం పదో వంతుకు రెండు గంటల నిల్వ ఉండాలని సూచించింది. మన రాష్ట్రం 2025 జనవరి విధానంలో, 2030 నాటికి ఇరవై వేల మెగావాట్ల కొత్త హరిత విద్యుత్తును లక్ష్యంగా పెట్టుకుంది. సబ్‌స్టేషన్ల దగ్గర బ్యాటరీలకు జెన్‌కో టెండర్లు కూడా పిలిచింది. కనుక తాండూరు పొలాల గట్ల మీదకు మధ్యవర్తులు రావడంలో ఆశ్చర్యమేమీ లేదు.

తాండూరు నేల మీద కడితే

పలకలు నిలబెట్టే ఇనుప కాళ్లను మామూలు నేలలో యంత్రంతో దిగగొడతారు. మా వైపు నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిచ్చి కుంగుతుంది. దాని కింద మూడడుగులకో అయిదడుగులకో నాపరాయి తగులుతుంది. కాబట్టి ముందు బండలో బొర్రె వేసి, కాలు నిలిపి, కాంక్రీటు పోయాలి. ఇది ఖర్చు. క్వారీల తెల్లటి దుమ్ము, సిమెంటు దుమ్ము పలకల మీద పేరుకుంటే ఉత్పత్తి పడిపోతుంది, మంచు పడితే గట్టిపడుతుంది. నీళ్లతో కడగాలంటే కాగ్నా వాగు వేసవిలో ఎండిపోతుంది. పొడి బ్రష్షుల యంత్రాలు పెట్టాలి. ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ వస్తుందనుకోవడం కూడా పొరపాటే. పలకకు వెలుతురు ఇష్టం, వేడి ఇష్టం లేదు. మే నెలలో పలక వేడి 60 డిగ్రీలు దాటితే ఉత్పత్తి ఎనిమిదో వంతు దాకా తగ్గుతుంది.

బ్యాటరీ కంటైనర్లకు పగలూ రాత్రీ చల్లదనం కావాలి. ఒక్కొక్క ఘటం వోల్టేజీ, వేడి కంప్యూటరు గమనిస్తూ ఉంటుంది. లిథియం ఘటం హద్దు మీరి వేడెక్కితే పక్క ఘటాన్ని అంటిస్తుంది. 2025 జనవరి 16న కాలిఫోర్నియాలోని మాస్ ల్యాండింగ్‌లో 300 మెగావాట్ల నిల్వ కేంద్రం కాలిపోయి, వెయ్యి మందికి పైగా ఇళ్లు విడిచి వెళ్లవలసి వచ్చింది. అక్కడ బ్యాటరీలన్నీ ఒకే పెద్ద భవనంలో ఉన్నాయి. విడి కంటైనర్లలో, ఎడం ఇచ్చి పెట్టడమే మేలని అందరూ చెబుతున్నారు. కంప్యూటరు చూస్తున్నది కదా అని మనిషి చూడడం మానేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. 1979లో నేను చూడలేదు.

మేనల్లుడికి చెప్పినది

ఇదంతా విని వాడు, "అయితే ఇయ్యమంటవా, వద్దంటవా మామా?" అన్నాడు.

పని అయ్యేదే, మోసం కాదు అన్నాను. కానీ నాలుగు సంగతులు కాగితం మీద రాయించమన్నాను. ఏటా కౌలు ఎంత పెరుగుతుంది? వ్యవసాయేతర భూమిగా మార్చే ఖర్చు ఎవరిది, రైతుకు వచ్చే సహాయాలు పోతే నష్టం ఎవరిది? కంపెనీ మరొకరికి అమ్మేస్తే ఒప్పందం ఎవరి మెడకు? ఇరవై అయిదేళ్ల తరువాత పలకలు, కాంక్రీటు, పాడైన బ్యాటరీలు ఎవరు ఎత్తుకుపోతారు? అంతకు ముందే, పొలం అమ్మకుండా సొంతంగా చేసుకునే దారి ఉన్నదేమో చూడమన్నాను. కేంద్రం 2019లో తెచ్చిన కుసుమ్ పథకంలో రైతులే 500 కిలోవాట్ల నుంచి రెండు మెగావాట్ల దాకా సబ్‌స్టేషన్ దగ్గరలో పెట్టుకునే వీలు కల్పించారు. మెగావాటుకు నాలుగైదు ఎకరాలు పడుతుంది.

మా అక్కయ్య కూడా వచ్చింది. అప్పటిదాకా గోడకు ఆనుకుని వింటున్న ఆమె అన్నది: "తమ్ముడూ, ఇరవై అయిదేండ్ల కాగితం మీద నేను వేలిముద్ర పెడితే, తీరేనాటికి నేనుండ. రాతిచెలక ఆరెకరాలు ఇయ్యుండ్రి. అది నాకు ఎన్నడు అన్నం పెట్టలే. రేగడి అయిదెకరాలు కందికి ఉంచుండ్రి. మా అత్త దున్నిన నేల అది." తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సంగతి ఆమెకు తెలియదు. ఆ గుర్తింపు ఆమె ఎప్పుడో ఇచ్చేసింది.

మధ్యవర్తి మొత్తం పదకొండు ఎకరాలూ ఒకే చెక్కగా కావాలంటున్నాడు. అక్కయ్య కదలడం లేదు. ఇది రాసే నాటికి బేరం అక్కడే ఉంది. ఆరెకరాలకు ఒప్పుకుంటే సంతకం, లేకపోతే లేదు అని మేనల్లుడు నిశ్చయించుకున్నాడు. వాడి నిర్ణయం నాకు నచ్చింది.

వాడి కొడుకు తాండూరులో ఐటిఐ ఎలక్ట్రీషియన్ చదువుతున్నాడు. ఆ కేంద్రం వస్తే అందులో ఉద్యోగం అడగాలని వాడి ఆశ. పోయే ముందు నా దగ్గరకు వచ్చి, "తాతా, బ్యాటరీ పనిల ముందుగాల ఏం నేర్చుకోవాలె?" అన్నాడు. అల్మారాలో పాత హైడ్రోమీటరు ఒకటి ఉంది. సీనియర్ ఆపరేటరు రిటైరైన రోజు నాకు ఇచ్చి పోయినది. లిథియం బ్యాటరీకి అది పనికిరాదని నాకు తెలుసు. అయినా వాడి చేతిలో పెట్టి, చూడకుండా ఏ అంకే రాయవద్దని చెప్పాను. ఎందుకో అడిగాడు. ఈ సంచిక అచ్చయ్యాక చదువుకోమన్నాను.

మన సభ్యులలో సాగర్, శ్రీశైలం, రామగుండంలో పనిచేసినవారు ఉన్నారు. వారు కూడా తమ అనుభవాలు రాస్తే, మన పిల్లలకు ఈ చరిత్ర పూర్తిగా అందుతుందని మనవి చేస్తూ సెలవు తీసుకుంటున్నాను.